చిరునామా ఎవరి పేరున?

తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడినవాళ్ల జ్ఞాపకాలు, ఫొటోలు, కరపత్రాలు కూడబెట్టి ఒక సోషల్ మీడియా పేజీలో పెడుతున్న రిటైర్డ్ తెలుగు టీచరు ఒకరు. హైదరాబాదులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్న ఆమె మేనల్లుడు వేణు ఒకరు. ఆ సేకరణకు సొంత వెబ్‌సైటు ఉండి తీరాలని అతని పట్టు. అక్కర్లేదని ఆవిడ పట్టు. నా మొగ్గు మొదటినుంచీ వేణు వైపే. అయినా ఆవిడ అడిగినవాటిలో రెండు ప్రశ్నలకు, సొంత సైట్ల గురించి ఉత్సాహంగా మాట్లాడే మాబోటివాళ్లం ఇంతవరకూ సరైన జవాబు చెప్పలేదు. అందుకే ఈ వాదాన్ని కాగితం మీద పెడుతున్నాను.

వేణు: అత్తయ్యా, హార్మోనిస్టు గారి ఇంటర్వ్యూ ఒకటి పెట్టావు చూడు, కాంట్రాక్టు నాటకాల సంగతులు చెప్పారే, అది మా ఆఫీసులో ఒకాయనకు చూపిద్దామని వెతికాను. పేజీలో కిందికి జరుపుకుంటూ పోయి పోయి విసుగొచ్చి మానేశాను. గూగుల్లోనూ రాలేదు. అంత కష్టపడి రాసింది వారం దాటితే ఎవరికీ కనపడని చోట పెట్టడమెందుకు?

అత్తయ్య: మనుషులు అక్కడున్నారు కాబట్టి. అది పెట్టిన రాత్రే రేపల్లె నుంచి ఒకమ్మాయి రాసింది, ఆ ఫొటోలో తబలా దగ్గర కూర్చున్నది మా తాతయ్యేనండీ అని. ఆయన పేరు నేను అడగని మనిషి లేడు. హార్మోనిస్టు గారికే గుర్తు లేదు. నీ సైటులో పెట్టి ఉంటే అది ఆ అమ్మాయి కంట పడేదా?

వేణు: పడేది కాదు. ఒప్పుకుంటున్నా. పేజీ మూసెయ్యమని నేను అనడం లేదు. వరస మార్చమంటున్నాను. ముందు నీ పేరున ఉన్న చిరునామాలో పెట్టు, తరవాత దాని నకలు పేజీలో పెట్టు. 2011లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఇండీవెబ్ పేరుతో కలుసుకున్నవాళ్లు ప్రచారం చేసిన పద్ధతి ఇదే. అసలు ప్రతి మన దగ్గర ఉండాలి, నకళ్లు ఎక్కడెక్కడికైనా పోవచ్చు.

అత్తయ్య: పోర్ట్‌లాండ్ సంగతి నాకు తెలీదు. మన తెలుగులోనే అందరూ ఎవరి చోటు వాళ్లు పెట్టుకుని రాసుకున్న రోజులు నేను చూశాను. లేఖిని వచ్చి తెలుగు టైపు చెయ్యడం తేలికయ్యాక ఎంతమంది బ్లాగులు మొదలుపెట్టారు! కూడలి తెరిస్తే ఆ రోజు ఎవరేం రాశారో వరసగా కనపడేది. కూడలి ఆగిపోయింది. రాసేవాళ్లు ఉన్నారు, చదివేవాళ్లూ ఉన్నారు, మధ్యలో దారి పోయింది. తరవాత జనం ఫేస్‌బుక్కుకి వెళ్లారంటే బద్ధకంతో వెళ్లలేదురా. చదివేవాళ్లను వెతుక్కుంటూ వెళ్లారు.

వేణు: నిజమే. బ్లాగులన్నీ ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జూలైలో మూసేసినప్పుడూ చాలామందికి అలాగే దారి పోయింది. కానీ ఒక్కటి గమనించు. కూడలి ఆగినా బ్లాగుల్లో రాసింది రాసినట్టే ఉంది. దారీ రాతా రెండూ ఒకే కంపెనీ చేతిలో ఉంటే, తలుపు వేసేసిన రోజున రెండూ కలిసే పోతాయి. జియోసిటీస్ అని ఉండేది. 1994లో మొదలైంది. ఏ అనుభవమూ లేని మామూలు మనుషులు లక్షల పేజీలు కట్టుకున్నారక్కడ. చచ్చిపోయిన కుక్కపిల్ల మీద, ఊళ్లో రైలు స్టేషను మీద, తమకొచ్చిన జబ్బు మీద. 1999లో యాహూ 350 కోట్ల డాలర్ల పైచిలుకు విలువకి కొంది. 2009 అక్టోబరు 26న మూసేసింది. జేసన్ స్కాట్ అనే ఆయన, ఆర్కైవ్ టీమ్ పేరుతో కొందరు స్వచ్ఛందంగా చేతికందినంత కాపీ చేసి దాచారు. అందనిది పోయింది.

అత్తయ్య: ముందుగా చెప్పే మూసేసి ఉంటారు కదా.

వేణు: చెప్పారు. యాహూ గ్రూపులకీ చెప్పారు. తెలుగు సాహిత్యం మీద రచ్చబండ గ్రూపులో ఎంత చర్చ నడిచిందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ గ్రూపులన్నిటి పాత ఉత్తరాలనూ డిసెంబరు నుంచి తీసేస్తామని 2019 అక్టోబరులో ప్రకటించారు. అప్పటికి ఆ గ్రూపుల్లో రాసినవాళ్లలో కొందరు పోయారు, కొందరు ఆ మెయిలు తెరవడం మానేశారు. చెప్పినా వినేవాళ్లేరీ? ఇక మైస్పేస్ సంగతి విను, నీకు పనికొచ్చేది అదే. జనం పాడి పెట్టుకున్న పాటలు, 2003 నుంచి 2015 దాకా ఎక్కించినవి, సర్వర్లు మార్చడంలో పోయాయని 2019లో ఒప్పుకున్నారు. దాంట్లో దురుద్దేశం ఉందనను, పాత డేటా మీద ఎవరికీ ఆసక్తి లేనట్టుంది, అంతే. నీ దగ్గర పద్యాల ఆడియోలు ఎన్ని ఉన్నాయి? పాడినవాళ్లలో ఎంతమంది బతికున్నారు?

అత్తయ్య: ఆ సంగతి నువ్వు గుర్తు చెయ్యనక్కర్లేదు. అవి రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి మీ అమ్మ దగ్గర. భద్రం కోసమైతే డిస్కు చాలు. దానికి వెబ్‌సైటెందుకు?

వేణు: డిస్కులో భద్రంగా ఉంటుంది, కానీ దానికి చిరునామా లేదు. రేపు నాగార్జున యూనివర్సిటీలో ఒకమ్మాయి పద్యనాటకం మీద పీహెచ్‌డీ చేస్తూ నీ ఇంటర్వ్యూ వాడుకుందనుకో. అది ఎక్కడ చూశానని రాస్తుంది? మా అమ్మ బీరువా అని రాయలేదు కదా. నీ పేజీ లింకు ఇస్తే, అందులో చేరనివాళ్లకి ముందు లాగిన్ అవ్వమని గోడ అడ్డొస్తుంది. ఈమాట పత్రిక చూడు. 1998లో మొదలుపెట్టారు. అప్పటికి మామూలు కంప్యూటర్లలో తెలుగు యూనికోడ్ కనపడేది కాదు. ఆ తరవాత ఫాంట్లు మారాయి, పద్ధతులు మారాయి, సంపాదకులు మారారు. ఇవాళ పాత సంచికలు అదే పేరు కింద యూనికోడ్‌లో చదువుకోవచ్చు. ఎందుకు సాధ్యమైంది? ఆ పేరు వాళ్లది కాబట్టి.

అత్తయ్య: పేరు వాళ్లదైతే పాత సంచికలు వాటంతటవే ఉంటాయా? కూర్చుని మార్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఉన్నాయి.

వేణు: సరే, మార్చడానికి వీలు వాళ్ల చేతిలో ఉంది అంటాను. ఈ చిరునామా పని చేసే తీరు చాలామందికి తెలీదు. డొమైను పేరు వేరు, ఫైళ్లు ఉండే కంప్యూటరు వేరు. ఆ పేరు ఫలానా అంకెల చిరునామా ఉన్న కంప్యూటరు వైపు చూపిస్తుంది, అంతే. హోస్టింగ్ కంపెనీ ధర పెంచిందనుకో, మూతపడిందనుకో, ఫైళ్లు ఇంకో చోటికి ఎక్కించి ఆ చూపు మార్చేస్తాం. ఒకటి రెండు రోజుల్లో లోకమంతా కొత్త చోటికి వెళ్తుంది. చదివేవాడికి ఏమీ తెలీదు. పుస్తకాల్లో అచ్చయిన లింకు పనిచేస్తూనే ఉంటుంది. కంపెనీని మార్చినా చిరునామా మారదు. ఈ ఒక్క సౌకర్యం ఫేస్‌బుక్ లాంటి చోట్ల లేదు. నేను ఇంత గొంతు చించుకునేది దీనికోసమే.

అత్తయ్య: సొంతం సొంతం అంటున్నావు. ఏటేటా డబ్బు కట్టేది సొంతమెలా అవుతుంది? అది కౌలు. కౌలుదారుకి పొలం నాదని చెప్పుకునే హక్కు లేదు.

వేణు: కౌలే. కాదనను. ఆ మాటకొస్తే నీకు ఇంకా గట్టి ఆధారం నేనే ఇస్తాను. యూరోపియన్ యూనియన్ వాళ్లకి డాట్ ఈయూ అని ఉంది. బ్రిటన్ యూనియన్లోంచి బయటికొచ్చాక, యూనియన్ పౌరసత్వం లేకుండా అక్కడ మాత్రమే ఉండేవాళ్లకి ఆ పేర్లు పెట్టుకునే అర్హత పోయింది. 2021 జనవరిలో వాళ్ల సైట్లు ఆపేశారు. సక్రమంగా డబ్బు కట్టినవాళ్లవే. డాట్ ఆర్గ్ నిర్వహించే సంస్థను 2019లో ఒక పెట్టుబడి కంపెనీకి అమ్మబోయారు. సేవాసంస్థలన్నీ గోల చేస్తే డొమైను పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ 2020 ఏప్రిల్లో అడ్డుపడింది. అంచేత గట్టిదనుకున్నదీ కదలొచ్చు. ప్రభుత్వం తలుచుకుంటే ఐటీ చట్టం 69ఏ కింద ఏ సైటునైనా ఇక్కడ కనపడకుండా చెయ్యొచ్చు.

అత్తయ్య: మరింకేం? 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేసినప్పుడు మన వీధిలో పిల్లలు రాత్రికి రాత్రి ఏడ్చారు. నీ సైటుకీ అదే గతి పట్టొచ్చంటున్నావు.

వేణు: పట్టొచ్చు. తేడా ఏమిటంటే, ఈ కౌలుకి షరతులున్నాయి, రాసి ఉన్నాయి. ఒకేసారి 10 ఏళ్లకి కట్టుకోవచ్చు. అమ్మిన కంపెనీ నచ్చకపోతే పేరును ఇంకో కంపెనీకి బదిలీ చేసుకోవచ్చు. డాట్ ఇన్ పేర్లకి నిక్సీ అని మన దేశపు సంస్థ ఉంది, తగవొస్తే వెళ్లడానికి ఒక పద్ధతి ఉంది. పేజీలో తగవొస్తే ఎవరి దగ్గరికెళ్తావు? ఎందుకు తీసేశారో చాలాసార్లు స్పష్టంగా చెప్పరు. ఫేస్‌బుక్‌లో నోట్స్ అని ఉండేది గుర్తుందా? పెద్ద వ్యాసాలన్నీ అందులో రాసేవాళ్లు. 2020 అక్టోబరు ఆఖరుతో కొత్తవి రాసే వీలు ఎత్తేశారు. ఎవరినీ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు వాళ్లకి.

అత్తయ్య: రాసి ఉన్న షరతులు చదివేవాళ్లకి కదా. మన బజార్లో మందుల షాపతను సైటు కట్టించుకున్నాడు. కట్టినవాడు పేరు తన పేరునే రిజిస్టరు చేసుకున్నాడు. రెండేళ్ల తరవాత ఇద్దరికీ పడలేదు. ఇప్పుడు షాపు బోర్డు మీద, బిల్లుల మీద ఉన్న పేరు అతనిది కాదు. ఇంటర్నెట్టులో సొంత చోటు అని నువ్వు చెప్పేది నిజంగా సొంతమయ్యేది నీబోటి పని తెలిసినవాళ్లకే. నాబోటిదానికి కంపెనీ బదులు మేనల్లుడి మీద ఆధారపడటం, అంతేగా?

వేణు: అది చాలాచోట్ల జరుగుతున్నదే. డబ్బు కట్టిన రోజునే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున, ఎవరి మెయిలుతో అయిందో చూసుకోవాలి. పాస్‌వర్డు సైటు కట్టినవాడి దగ్గర కాదు, యజమాని దగ్గర ఉండాలి. నీది నీ పేరునే చేయిస్తాను. డేటాబేసులూ అవీ లేకుండా మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లతో కడతాను, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నీకే అర్థమవుతుంది. ఖర్చు చూస్తే పేరుకి ఏడాదికి ఇంచుమించు వెయ్యి రూపాయలు. తాళం గుర్తు కోసం సర్టిఫికెట్ కొనాల్సి వచ్చేది పూర్వం, 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఊరికే ఇస్తున్నారు.

అత్తయ్య: తెలుగు అక్షరాల్లో పెట్టొచ్చా పేరు?

వేణు: పెట్టొచ్చు, డాట్ భారత్ తెలుగులో ఉంది. కొన్ని యాప్‌లు దాన్ని లింకుగా గుర్తించవు, అందుకని ఇంగ్లీషు అక్షరాల పేరు కూడా ఒకటి ఉండాలి.

అత్తయ్య: నా పేరున చేయిస్తానన్నావు. బాగుంది. నేను పోయాక?

వేణు: అత్తయ్యా...

అత్తయ్య: అదేం అశుభం కాదు, లెక్క. నాతో పాటు బ్లాగులు రాసినవాళ్లలో కొందరు పోయారు. బ్లాగ్‌స్పాట్‌లో ఊరికే రాసుకున్నవాళ్లవి ఇవాళ్టికీ తెరిస్తే చదువుకోవచ్చు. ఎవరూ ఫీజు కట్టలేదు, ఎవరూ పట్టించుకోలేదు, అలాగే ఉన్నాయి. డబ్బు పెట్టి సొంత పేరు కొనుక్కున్నవాళ్లవి పోయాయి. పిల్లలకి ఆ సంగతే తెలీదు. ఒకటి తెరిస్తే ఆ పేరు మీద ఇంకెవరిదో జూదం ప్రకటన వచ్చింది. మనిషి ఉన్నన్నాళ్లు కంపెనీని నమ్మద్దంటావు నువ్వు. నేను, మనిషి పోయాక కంపెనీయే దిక్కంటాను. జవాబు చెప్పు.

ఈ ప్రశ్న దగ్గర వేణు ఆగాడు. నేనూ ఆగాను. ఆవిడ చెప్పింది జరిగే విషయమే. గడువు దాటిన పేరు కొన్ని వారాల పాటు పాత యజమాని కోసం ఆగుతుంది, ఆ తరవాత మళ్లీ అమ్మకానికొస్తుంది. ఎక్కువమంది లింకులిచ్చిన పాత పేర్లంటే జూదం సైట్లకి మక్కువ, వాటి మంచిపేరు మీద గూగుల్లో పైకి రావచ్చని. అంటే బతికున్నప్పుడు ఎంత మంచి పని చేస్తే, తరవాత ఆ చిరునామా అంత తప్పు చేతుల్లో పడే ప్రమాదం. సొంత సైటు కావాలనే మేము ఈ మాట ముందుగా చెప్పి తీరాలి, చెప్పడం లేదు.

వేణు: పూర్తి జవాబు లేదు నా దగ్గర. ఉన్నంతవరకు చెప్తాను. బ్లాగర్ 1999లో పుట్టింది, 2003లో గూగుల్ కొంది, ఇన్నేళ్లూ ఉంది, సంతోషమే. కానీ రెండేళ్లు తెరవని ఖాతాలను తీసేయొచ్చని 2023లో గూగుల్ నియమం పెట్టింది. ఊరికే ఉన్నవి ఎప్పటికీ ఊరికే ఉంటాయన్న హామీ ఏమీ లేదు. నీ విషయంలో నేను చేసేది మూడు రకాల దాపు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీలను దాస్తోంది, ప్రతి పేజీనీ దాంట్లో మనమే చేర్పించొచ్చు. ఆడియోలు, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని పాడినవాళ్ల కుటుంబాలు ఒప్పుకుంటే, వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. పేరు మాత్రం మనిషి పేరున కాకుండా ఒక సంఘం పేరున ఉండాలి. మనుషులు మారినా సంఘం రిజిస్టరులో ఉంటుంది.

అత్తయ్య: సంఘాలు ఎన్నాళ్లుంటాయో నాకు తెలీదనుకున్నావా? పరిషత్తులు చూడలేదా? అయినా సరే, అది నీ పేరూ నా పేరూ కంటే నయం. ఇప్పుడు రెండోది. నా సేకరణలో ఒక నటి ఉంది, చింతామణి వేషానికి పేరు మోసినావిడ. ఇంటర్వ్యూ ఆవిడ సంతోషంగా ఇచ్చింది. ఏ కుటుంబంలో పుట్టిందో, వాళ్లమ్మ ఏం చేసేదో, నాటకం ఆడించినవాళ్లు ఎలా చూశారో అంతా చెప్పింది. పోయింది పాపం. ఆవిడ మనవడు బ్యాంకులో ఉద్యోగం. మా నాయనమ్మ గొప్పదే మేడమ్, కానీ పేరు గూగుల్లో కొడితే ఇవన్నీ రాకూడదండీ, పిల్ల పెళ్లికుంది అన్నాడు. పేజీలో ఆ ముక్క నాకు తెలిసిన కొద్దిమందికే కనపడేట్టు పెట్టాను. అక్కడ అది ఒక్క మీట. నీ సైటు నడిబజారు కదా?

వేణు: నడిబజారే. గూగుల్‌కి కనపడొద్దని గుర్తు పెట్టొచ్చు. యంత్రాలు రాకుండా రోబోట్స్ ఫైలు పెట్టొచ్చు, 1994 నుంచి ఉన్న పద్ధతి అది. అయితే అది మర్యాదకి చెప్పే మాట, తాళం కాదు. ఏఐ కోసం వెబ్‌ని ఊడ్చుకుపోయే యంత్రాల్లో కొన్ని దాన్ని లెక్కచెయ్యవు. పాస్‌వర్డు పెడితే తాళమే, కానీ నీకు తెలిసిన కొద్దిమందికీ తలా ఒకటి ఇవ్వాలి, అది నీకు చాకిరీ. ఈ ఒక్క విషయంలో పేజీ నయమని ఒప్పుకుంటాను. పూర్తిగా కాదు. ఆ కొద్దిమందిలో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తే అంతే. ఆ కంపెనీ రేపు సెట్టింగు మారిస్తే, ఎవరికి కనపడాలన్నది కూడా వాళ్లిష్టమే.

అత్తయ్య: అందుకే ఇంకో మాట అడుగుతున్నా. నీ సొంత చోటు, నీ సొంత చోటు అని మొదటినుంచీ అంటున్నావు. ఇందులో నాదేముంది? గొంతులు వాళ్లవి, ఫొటోలు వాళ్ల ఇళ్లలోవి, కష్టాలు వాళ్లవి. నేను వెళ్లి కూర్చుని విన్నాను, రాసుకున్నాను.

వేణు: ఆ మాట నా వాదానికే బలం. నీవి కావు కాబట్టే, వాటిని మూడోవాళ్ల షరతుల మీద పెట్టే హక్కు నీకు లేదు. పేజీలో ఏది ఎక్కించినా, దాన్ని వాడుకోవడానికి, ఇంకొకరికి వాడుకోనివ్వడానికి ప్రపంచవ్యాప్తంగా ఆ కంపెనీకి అనుమతి ఇస్తున్నట్టే, షరతుల్లో రాసి ఉంది. హార్మోనిస్టు గారిని ఆ అనుమతి అడిగావా? సొంత చోటులో పెడితే ఆయనకి నువ్వు ఇచ్చే మాట ఒక్కటే, ఫోను చేసి తీసెయ్యమంటే తీసేస్తానని. తీసేసేది నువ్వే, ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు. ఆ నటి ముక్కని ఎక్కడా పెట్టొద్దంటాను నేను. డిస్కులో ఉండనీ. ఏది బయట పెట్టకూడదో తేల్చుకునేది నువ్వే అయినప్పుడే ఆ చోటు నీదవుతుంది.

అత్తయ్య: అనుమతి అడగలేదు. ఎవరం అడిగాం? సరే విను. ఆ నటి ముక్క పేజీలోంచి కూడా తీసేస్తాను. మిగతావాళ్ల ఇళ్లకి మళ్లీ వెళ్తాను, పేపరు మీద రాయించుకుంటాను. రాసిచ్చినవాళ్లవే నీ సైటులోకి. కానీ వరస నువ్వన్నట్టు కాదు. ముందు పేజీలోనే పెడతాను.

వేణు: మళ్లీ అదే!

అత్తయ్య: తబలా ఆయన పేరు తేలింది పేజీలో. ఒక కరపత్రం మీద సంవత్సరం తప్పని చెప్పిందీ అక్కడివాళ్లే. నేను రాసేది మొదటిసారి ఎప్పుడూ తప్పులతోనే ఉంటుంది. నలుగురూ చూసి దిద్దాక అది నిలబెట్టదగిన ప్రతి అవుతుంది. దిద్దకముందే నీ శాశ్వత చిరునామాలో పెట్టి, పీహెచ్‌డీ అమ్మాయి దాన్నే ఎత్తిరాసుకుంటే ఆ తప్పు కూడా శాశ్వతమే.

వేణు: అలాగైతే సైటు సాపు ప్రతి అవుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద. దిద్దినవాళ్లు రాసిన కామెంట్లు కూడా వాళ్లనడిగి సైటులోకి తెద్దాం. రేపల్లె అమ్మాయి రాసిన నాలుగు వాక్యాలు ఇంటర్వ్యూ కింద ఉండాలి, ఆ అమ్మాయి ఒప్పుకుంటే పేరుతో. లేకపోతే పేరు ఎలా తేలిందో ఎవరికీ తెలీదు.

అత్తయ్య: అది నాకు తోచలేదు. తెద్దాం. నెల దాటితే మాత్రం నేను మర్చిపోతాను, గుర్తు చెయ్యాల్సింది నువ్వే.

వేణు: నేను గుర్తు చేస్తే మళ్లీ నా మీద ఆధారపడ్డట్టే. నీ పేజీలో రోజూ రాసే ఆ తెనాలి కాలేజీ పిల్లలిద్దరినీ పిలువు. ఎక్కించడం నేర్పుతాను. సంఘం రిజిస్టరు చేసేటప్పుడు వాళ్ల పేర్లు కూడా పెడదాం.

అత్తయ్య: పిల్లలు వస్తారు. సంఘానికి అధ్యక్షుడెవరన్న దగ్గర తగవొస్తుంది చూడు. ఆ కాగితాలు నువ్వు తయారు చెయ్యి. హార్మోనిస్టు గారింటికి నేను ఈ ఆదివారమే వెళ్తాను, ఆయన వయసు నీకు తెలుసు కదా.